దేవదానం అంకుల్ చెవులకు నేను పెట్టిన పరీక్ష

ఆరేళ్లుగా మోస్తున్నాను దీన్ని. మూటైతే దించి పక్కన పెట్టి కాసేపు భుజం రుద్దుకోవచ్చు. ఇది గొంతులో ఇరుక్కున్న చేపముల్లు. అన్నం ముద్ద మింగినా పోదు, నీళ్లు తాగినా పోదు. నలుగురిలో ఉన్నప్పుడు కాస్త సర్దుకుంటుంది, ఒంటరిగా ఉన్నప్పుడు మళ్లీ గుచ్చుతుంది. నేను ఒంటరిగా ఉండేదే ఎక్కువ.

చేసిన పని ముందే చెప్పేస్తాను. లేకపోతే దారిలో ఎక్కడో ధైర్యం జారిపోతుంది. ఒక పెద్దాయన పదిమంది ముందు నిజం చెప్పారు. అది నిజమని నాకు తెలుసు. తెలిసీ, తప్పని అందరి ముందూ తేల్చాను. తేల్చడానికి ఒక దొంగ పరీక్ష పెట్టాను. ఆయన ఆ పరీక్షని నమ్మారు. నమ్మి, తన చెవుల్ని నమ్మడం మానేశారు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. మా తెలుగు ఫెలోషిప్‌లో ప్రతి ఆదివారం సాక్ష్యాల సమయం ఒకటుంటుంది. వీసా వచ్చిందని ఒకరు, ఆపరేషన్ బాగా జరిగిందని ఒకరు, నర్సింగ్ రిజిస్ట్రేషన్ అయిందని ఒకరు లేచి నిలబడతారు. వాళ్ల చేతికి మైకు అందించేది నేనే. పన్నెండేళ్లుగా అందరికీ అందించాను. ఒక్కసారి కూడా నా నోటి దగ్గర పెట్టుకోలేదు. దేవుడి దగ్గర ఒప్పుకోలేదా అంటే, ఒప్పుకున్నాను, చాలాసార్లు. అది తేలిక. ఆయనకి ముందే తెలుసు కదా.

నా గురించి కొంచెం చెప్పాలి. గుంటూరు దగ్గర ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేశాను. స్టూడెంట్ వీసా మీద ఆక్లండ్ వచ్చాక తెలిసింది, ఇక్కడ ఆ డిప్లొమా ఎందుకూ కొరగాదని. రెస్ట్‌హోమ్‌లో కేర్‌గివర్‌గా చేరాను, ఇప్పటికీ అదే. ముసలివాళ్లకి స్నానాలు చేయించడం, బట్టలు మార్చడం, ఎవరి టీలో ఎన్ని చెంచాల పంచదారో గుర్తుపెట్టుకోవడం. చెడ్డ పనేం కాదు. కానీ ఆ పనిలో నీ అభిప్రాయమేంటని నన్నెవరూ అడగరు. వారమంతా "నో వర్రీస్" అంటూ తిరిగే నేను, ఆదివారం మధ్యాహ్నం మనురేవాలో మేం అద్దెకి తీసుకునే స్కూలు హాల్లో సౌండ్ మిక్సర్ వెనకాల కూర్చోగానే రాజునైపోయేవాణ్ణి. పాస్టరుగారైనా సరే, నేను తలూపాకే నోరు తెరవాలి.

నాకు ఇంకో రాజ్యం కూడా ఉండేది. పాటలు వినే పరికరాల గురించి వాదించుకునేవాళ్లంతా చేరే చోటొకటి, ఇంటర్నెట్‌లో. అక్కడ నా పేరు వేరు, ముఖం అసలే లేదు. అక్కడ ఎప్పటికీ తెగని తగువొకటి ఉంది. డిజిటల్ పాటంటే వరసగా పేర్చిన అంకెలు, సెకనుకి నలభై నాలుగు వేల పైచిలుకు. వాటిని ఒక్కొక్కటే సమయానికి వదలడానికి పెట్టెలో చిన్న గడియారం ఉంటుంది. ఆ గడియారం రవ్వంత తడబడితే, రవ్వంత అంటే సెకనులో కోటో వంతు కన్నా తక్కువ, మనిషి చెవికి తెలుస్తుందా? ఖరీదైన పెట్టెలు కొనుక్కున్నవాళ్లు తెలుస్తుందంటారు. నేను తెలియదంటాను. వాళ్లకి నా జవాబు ఎప్పుడూ ఒకటే: ఏది మోగుతోందో నీకు చెప్పకుండా వేస్తాం, ఏది ఏదో పదికి తొమ్మిదిసార్లు సరిగ్గా చెప్పు, అప్పుడు ఒప్పుకుంటాను. ఒక్కడూ చెప్పలేకపోయేవాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆ రోజుల్లో నాకు లోకమంతా లోకువగానే ఉండేది.

ఒకటి మాత్రం ఇక్కడే చెప్పేయాలి. ఆ వాదనలో నేను రైటే. ఇప్పటికీ రైటే. అంత చిన్న తడబాటు ఏ చెవికీ తెలియదు. నా తప్పు అక్కడ లేదు. ఆ నిజాన్ని తీసుకొచ్చి ఎక్కడ వాడానో అక్కడుంది.

దేవదానం అంకుల్ బాపట్ల వైపు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కూతురు సునీత ఇక్కడ నర్సు. అమ్మానాన్నల్ని తనే తెచ్చుకుని టకానినిలో కొత్తగా కొనుక్కున్న ఇంట్లో పెట్టుకుంది. అంకుల్ మెడలో ఈల లేదు గానీ నడక మాత్రం లెఫ్ట్ రైటే. డోలక్ వాయించేవారు. మా కీబోర్డు వాయించేవాళ్లు, గిటారు వాయించేవాళ్లు ఎంత ఎగిరినా చివరికి ఆయన చెయ్యి వెనకాలే నడవాల్సి వచ్చేది. పన్నెండేళ్లుగా మిక్సర్ దగ్గర కూర్చున్నవాడిగా చెబుతున్నాను, అంత నిలకడైన తాళం నేను ఇంకెక్కడా వినలేదు.

కూడిక అయ్యాక ఆయన నన్ను కారెక్కించుకుని ఇంటికి తీసుకుపోయేవారు. రూతమ్మ ఆంటీ కోడి పులుసు, ఫ్రోజెన్ గోంగూరతో పచ్చడి. "ఒక్కడివే ఏం వండుకుంటావురా అబ్బాయ్, తిను" అని రెండోసారి అన్నం అడక్కుండానే పెట్టేసేది. వాళ్లింట్లో నాకంటూ ఒక ప్లేటు ఉండేది. నేను సింకులో పెట్టబోతే ఆంటీ లాక్కునేది. ఈ దేశంలో నన్ను "ఏరా" అని పిలిచే ఇల్లు అదొక్కటే.

ఆంటీ పాటని మేమెవరం వినలేదు. ఇక్కడికి రాకముందే థైరాయిడ్ ఆపరేషన్‌తో గొంతు బొంగురుపోయింది. అంతకు ముందు ఊళ్లో స్త్రీల కూడికల్లో పాట ఎత్తుకునేది ఆవిడేనట. సునీత హాస్టళ్లలో చదివిన పిల్ల, తనకీ పెద్దగా గుర్తు లేదు. ఆ గొంతు తెలిసినవారు అంకుల్ ఒక్కరే. ముప్పై ఏళ్లు పక్కనే కూర్చుని డోలక్ వాయించారు.

ఆంటీ పోయారు. ఏడాది తిరిగే సమయానికి జ్ఞాపకార్థ కూడిక పెట్టాలనుకున్నారు. మాలో అది ఆనవాయితీ. అప్పుడు అంకుల్ తన సూట్‌కేసు అడుగు నుంచి ఒక క్యాసెట్ తీశారు. ఎప్పుడో ఎవరో టేప్‌రికార్డరు బల్ల మీద పెట్టి రికార్డు చేసింది. నాలుగు పాటలు. ఆవిడ గొంతు, ఆయన డోలక్. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇమ్మని నాకు రెండు చేతులతో ఇచ్చారు. ఇంకో కాపీ లేదురా అన్నారు.

శనివారం మధ్యాహ్నం. బయట వాన. నా ఫ్లాట్‌లో పాత క్యాసెట్ డెక్కుని లాప్‌టాప్‌కి తగిలించి రికార్డింగ్ మొదలుపెట్టాను. బుద్ధున్నవాడైతే ఇంకేమీ ముట్టుకోకుండా కూర్చుంటాడు. నేను పక్క విండోలో వాదన పెట్టుకున్నాను. దేని మీదనుకున్నారు? గడియారం తడబాటు చెవికి తెలుస్తుందా లేదా అన్నదాని మీదే. ఎవడినో చిత్తు చేసే హుషారులో నాలుగైదు వీడియోలు, పెద్ద పెద్ద ఫైళ్లు తెరిచాను. పాత లాప్‌టాప్, ఆ బరువు మోయలేక వచ్చే పాటలో చిన్న చిన్న ముక్కలు అందుకోలేక జారవిడిచింది. పాటలయ్యాక చూస్తే తెర మీద హెచ్చరిక ఉంది, కొంత రికార్డు కాలేదని. వింటే అక్కడక్కడా టిక్కు టిక్కుమని చప్పుడు.

మళ్లీ రికార్డు చేద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. వెనక్కి తిప్పే బటన్ నొక్కాను. డెక్కు టేపుని నమిలేసింది. మూత తెరిచి లాగితే తెగింది. బారెడు టేపు నలిగి, ముడతలు పడి నా చేతిలో ఉంది. అంతవరకూ ఇది ప్రమాదమే. ఆ క్షణంలో ఫోన్ తీసి అంకుల్‌కి చెప్పి ఉంటే, ఆయన ఓ పూట బాధపడి, మర్నాడు నాకు అన్నం పెట్టేవారు. ఎందుకు చెప్పలేదు? ఎన్నోసార్లు అడుక్కున్నాను ఈ ప్రశ్న. నాకు తెలిసిన విద్య అదొక్కటే. దాంట్లో కూడా నేను పనికిరానివాణ్ణని తెలిస్తే నా దగ్గర ఇంకేం మిగులుతుంది అనిపించింది, అంతే.

టిక్కు చప్పుళ్లని సాఫ్ట్‌వేర్‌తో తీసేశాను. చప్పుడు పోయింది గానీ జారిపోయిన కాలం తిరిగి రాలేదు. చిరిగిన గుడ్డని అంచులు లాగి కుట్టినట్టు, కుట్టు కనపడదు, గుడ్డ మాత్రం పొట్టిదవుతుంది. కొన్నిచోట్ల పోయింది రెప్పపాటులో పదో వంతు. ఒకచోట మాత్రం కాస్త ఎక్కువ. క్యాసెట్‌ని ఎర్రమూత చెత్తడబ్బాలో వేశాను. సోమవారం లారీ వచ్చి తీసుకుపోయింది. అంకుల్‌తో, టేపుకి బూజు పట్టింది, పాట ఎక్కించడం పూర్తవగానే విరిగిపోయింది అని చెప్పాను. "పోతే పోయిందిలేరా, రూతు గొంతు దక్కింది కదా" అని నా తల నిమిరారు. ఆ పూట కూడా నేను వాళ్లింట్లో భోంచేశాను.

వారం తర్వాత, భోజనాల బల్ల దగ్గర, ఫోన్‌లో పాట పెట్టుకుని బల్ల అంచు మీద వేళ్లతో తాళం వేస్తూ అంకుల్ అన్నారు, రూతు ఇందులో తొందరపడుతోందిరా, మీ ఆంటీ ఎప్పుడూ తొందరపడేది కాదు అని. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను గబగబా డిజిటల్ గురించి ఉపన్యాసం ఎత్తుకున్నాను. ఇందులో టైమింగ్ తేడా ఉండదు, ఉన్నా మనిషి చెవికి తెలిసేంత ఉండదు, ప్రపంచమంతా పరీక్షలు చేసి తేల్చిన విషయం అన్నాను. నీకు తెలుసులే అని ఆయన ఊరుకున్నారు.

జ్ఞాపకార్థ కూడికలో హాల్లో ఆ పాటలే వేశాను. అందరూ కన్నీళ్లు తుడుచుకున్నారు. నేను అంకుల్ చేతినే చూస్తున్నాను. తొడ మీద తాళం వేస్తున్న చెయ్యి ఉన్నట్టుండి గాల్లో ఆగింది. మళ్లీ అందుకుంది. మళ్లీ ఆగింది. కూడిక అయ్యాక ఆయన ఇద్దరు ముగ్గురితో అన్నట్టున్నారు. మా కమిటీ పెద్ద ఒకాయన నా దగ్గరికొచ్చి, "ఏంటి బ్రదర్, రికార్డింగ్‌లో ఏదో తేడా ఉందంట కదా?" అన్నాడు. మామూలుగానే అడిగాడు. నాకు మాత్రం ఒళ్లంతా కారం రాసినట్టయింది. ఆ వారం రెస్ట్‌హోమ్‌లో ఎవరికి ఏ మాత్ర ఇస్తున్నానో రెండుసార్లు చూసుకోవాల్సి వచ్చింది.

తర్వాతి ఆదివారం, భోజనాలయ్యాక, ప్లాస్టిక్ కుర్చీలు ఇంకా సర్దకముందు నేనే మొదలుపెట్టాను. ఇవాళ తేల్చేద్దాం అంకుల్ అని నవ్వుతూ అన్నాను. లాప్‌టాప్ పెట్టాను. హెడ్‌ఫోన్స్ ఆయన తలకి నేనే తొడిగాను. పదీ పన్నెండుమంది చుట్టూ చేరారు, ఇదేదో ఆటలా ఉందని. వివరించాను: ఎ అంటే మీ పాట, ఉన్నదున్నట్టు. బి అంటే అదే పాట, కానీ నేను కావాలని టైమింగ్ కొంచెం చెడగొట్టాను. మార్చి మార్చి పదిసార్లు వేస్తాను. చెడినది ఏదో చెప్పండి. చెప్పగలిగితే తప్పు నాది.

బి అనేది లేదు. రెండు బటన్లకీ ఒకటే ఫైలు తగిలించాను.

నిజంగా ఇంకో ఫైలు చెడగొట్టి పెట్టొచ్చు కదా, ఎందుకు పెట్టలేదు? పెడితే ఆయన పదికి పదీ చెప్పేసేవారు. ఆ సంగతి నాకు తెలుసు. ఏళ్ల తరబడి ఇంటర్నెట్‌లో అందరికీ నీతులు చెప్పిన పరీక్ష అది. మనిషి గర్వం నుంచి నిజాన్ని కాపాడేది అదొక్కటే అని రాసేవాణ్ణి. దాన్నే నా గర్వానికి కాపలా పెట్టాను.

ఆయన కళ్లు మూసుకున్నారు. కుడిచెయ్యి తొడ మీద. మొదటిసారి విని, ఎ అనుకుంటా అన్నారు. రెండోసారి, ఉండు మళ్లీ వెయ్యి అన్నారు. మూడోసారి తల కొంచెం పక్కకి వంచి విన్నారు. నాలుగోసారి సగంలోనే హెడ్‌ఫోన్స్ తీసేసి నా వైపు చూశారు. ఆ ముఖంలో కోపం లేదు, నన్ను పట్టుకున్నానన్న సంతోషమూ లేదు. లెక్క ఎక్కడో తప్పిందే అని పిల్లాడికి చూపించే మాస్టారి ముఖం.

"రెండూ ఒకటే కదరా అబ్బాయ్," అన్నారు.

"కాదంకుల్. వేరు వేరు."

"ఒకటేరా. రెండింట్లోనూ అదే చోట తొందరపడుతోంది. రెండో చరణంలో ఊపిరి కూడా తీసుకోవట్లేదు చూడు. అక్కడ ఊపిరి తీసుకునేది మీ ఆంటీ. నేను అక్కడ చెయ్యి ఆపేవాణ్ణి."

"మీకు తేడా తెలియడం లేదంకుల్. వయసు కదా. ఇందులో తప్పేం లేదు."

చుట్టూ నవ్వారు. ఎగతాళిగా కాదు, ప్రేమగానే. ఆ ప్రేమే ఎక్కువ పని చేసింది. సునీత వచ్చి తండ్రి భుజం మీద చెయ్యి వేసి, "పోన్లే నాన్నా, ఒకసారి చెవులు టెస్ట్ చేయిద్దాం" అంది. ఆమె కూతురు లియా, అప్పుడు నాలుగేళ్లది, ఆయన మోకాలు పట్టుకుని "ఇట్స్ ఓకే తాతా" అంది. అంకుల్ హెడ్‌ఫోన్స్ తీగని నెమ్మదిగా చుట్టి బల్ల మీద పెట్టారు. "అవునేమో," అన్నారు.

అప్పుడైనా చెప్పొచ్చు. నవ్వేసి, ఊరికే ఆట పట్టించాను అంకుల్, మీరే రైటు అనొచ్చు. ఆ దారి ఇంకా తెరిచే ఉంది. నేను లాప్‌టాప్ మూసేసి కుర్చీలు సర్దడం మొదలుపెట్టాను.

చెవుల పరీక్షలో వయసుకి తగ్గట్టే ఉన్నాయన్నారట, కీచు శబ్దాలు కొంచెం తగ్గాయంతే. అయినా సునీత ప్రేమకొద్దీ హియరింగ్ ఎయిడ్స్ కొనిపెట్టింది. వాటిలోంచి డోలక్ రేకుడబ్బాలా వినిపిస్తోందని ఆయన వాయించడం తగ్గించారు. కొన్నాళ్లకి పూర్తిగా మానేశారు. తాళం తప్పితే పాడేవాళ్లకి ఇబ్బంది కదా అనేవారు. డోలక్ గుడ్డసంచిలో స్టేజి పక్కన ఉండిపోయింది. కీబోర్డులో ఉండే రెడీమేడ్ తాళం పెట్టుకుని పాడుకోవడం అలవాటు చేసుకున్నాం. దాని శబ్దం హాల్లోకి పంపింది నేనే. వాల్యూమ్ ఎంతుండాలో కూడా నేనే చూసుకున్నాను.

ఒకరోజు ఆయన నన్ను ఫ్లాట్ దగ్గర దింపడానికి తీసుకెళ్తుంటే టకానిని స్టేషన్ దగ్గర గేటు పడింది. గంట మోగుతోంది. ఎదురుగా చూస్తూ ఆయన అన్నారు: రూతు అలాగే పాడేదేమోరా, నేనే ఇన్నాళ్లూ వేరేగా గుర్తు పెట్టుకున్నానేమో, మంచిపని చేశావు, లేకపోతే ఈ చెవుల్ని నమ్ముకుని నిన్ను తప్పుపట్టేవాణ్ణి.

మీకు అర్థమైందో లేదో. చెవులు పోయాయనుకుంటే సరే, ముసలితనంలో అందరూ అనుకునేదే. ఆయన అంతటితో ఆగలేదు. నా ఫైలు రైటు కాబట్టి తన జ్ఞాపకం తప్పనుకున్నారు. ముప్పై ఏళ్లు పక్కన కూర్చుని విన్న భార్య పాటని, నేను పాడుచేసిన దానికి తగ్గట్టు మనసులో దిద్దుకున్నారు. ఆంటీని తీసుకుపోయింది జబ్బు. ఆమె పాటని ఆయన దగ్గర్నుంచి తీసుకుపోయింది నేను. రైలు వచ్చింది, పోయింది, గేటు లేచింది.  థాంక్స్ అంకుల్ అని దిగిపోయాను.

ఆ తర్వాత వాళ్లింటికి వెళ్లడం తగ్గించాను. ఆదివారం సాయంత్రం షిఫ్టులు అడిగి మరీ వేయించుకున్నాను. ఏమిట్రా రావడం లేదంటే రోస్టర్ అంకుల్ అనేవాణ్ణి. ఈ దేశంలో ఆ మాటకి ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. తప్పు చేసినవాడికి శిక్ష పడాలంటారు. నాకు నేనే వేసుకున్నాననుకునేవాణ్ణి, ఆదివారం పూట వీధి చివరి చిల్లరకొట్లో కొన్న మీట్ పై తింటూ కారులో కూర్చుని. అది శిక్ష కాదు. ఆయన ముఖం చూడలేక పారిపోవడం. శిక్ష ఆయనకే పడింది, కొడుకులాంటివాడు ఎందుకు రావడం మానేశాడో తెలియకుండా.

సునీతకి హామిల్టన్ హాస్పిటల్లో ఉద్యోగం వచ్చి అందరూ అక్కడికి మారిపోయారు. గంటన్నర డ్రైవ్. నాలుగేళ్లలో రెండుసార్లు వెళ్లాను. ఆయన ఫోన్ చేసి డ్యూటీ ఎక్కువగా ఉందా, తింటున్నావా అని అడిగేవారు. నిరుడు చలికాలంలో పోయారు. నిద్రలోనే. సమాధి కూడికకి సౌండ్ పెట్టమని సునీత నన్నే అడిగింది. వేరే ఎవరిని అడుగుతాం అన్నయ్యా అంది.

ఆ కూడికయ్యాక, లీవు పెట్టి ఇంట్లో కూర్చుని, అన్నేళ్లలో మొదటిసారి ఆ ఫైలు తెరిచాను. డోలక్ దెబ్బ దెబ్బకీ గీత గీసి, మధ్య దూరాలు కొలిచాను. పన్నెండు దెబ్బలు సమంగా నడిచి, పదమూడోది రవ్వంత ముందొచ్చేది. అలాంటివి పదకొండు చోట్ల. రెండో చరణంలో రెండు పంక్తుల మధ్య ఆంటీ ఊపిరి తీసుకునే చోట ఊపిరి ముప్పాతిక పోయింది. ఆయన చెయ్యి గాల్లో ఆగింది అక్కడే. గడియారం తడబాటు లాంటి చెవికందని సంగతి కాదది. శ్రద్ధగా వింటే వినిపించేదే. వినడానికి ఆయనకున్నంత కారణం మిగతా ఎవరికీ లేదు, నాకూ లేదు.

కొలిచిన దూరాల్ని బట్టి పోయిన కాలాన్ని మళ్లీ చేర్చాను. పదకొండు చోట్లా. నాలుగు రోజులు పట్టింది. ఇప్పుడు దెబ్బలన్నీ సమంగా పడుతున్నాయి. ఊపిరి ఉండాల్సిన చోట పక్క చరణంలోంచి తెచ్చిన ఊపిరి పెట్టాను. విన్నాను. ఆంటీ ఇలాగే పాడేదా? తెలియదు. అవునని గానీ కాదని గానీ చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి తన చెవుల్ని తనే నమ్మకుండా చేశాను, ఇప్పుడు ఆయనే లేరు. గీతలు సమంగా ఉన్నాయని కంప్యూటర్ చెబుతోంది. దానికేం తెలుసు?

పోయిన నెల అంకుల్ ఏడాది కూడిక హామిల్టన్‌లో జరిగింది. వెళ్లాను, సౌండ్ పెట్టాను. లియా పాడుతుందన్నారు. పదేళ్లది ఇప్పుడు. తెలుగు వింటే అర్థమవుతుంది, మాట్లాడటం రాదు. అమ్మమ్మ పాటని ఫోన్‌లో విని విని, అక్షరాలు ఇంగ్లీషులో రాసుకుని నేర్చుకుందట. కాగితం కూడా లేకుండా కళ్లు మూసుకుని పాడింది. మంచి గొంతు. రెండో చరణానికి వచ్చింది. రెండు పంక్తుల మధ్య ఆగలేదు. ఊపిరి తీసుకోకుండా గబగబా రెండోదాంట్లోకి వెళ్లిపోయింది, చివరికొచ్చేసరికి పాపం ఆయాసపడింది. పక్కనున్న సునీత కళ్లు తుడుచుకుంటూ నాతో అంది, "అచ్చం అమ్మలాగే కదన్నయ్యా, అక్కడ ఆగదు."

పాటయ్యాక లియా నేరుగా నా దగ్గరికే వచ్చింది, మైకు ఇవ్వడానికి. "అంకుల్, డిడ్ ఐ గెట్ ఇట్ రైట్?" అని అడిగింది.

ఆ పిల్ల అడిగింది నన్నే. ఆ పాట గురించి నిజం తెలిసిన ఏకైక మనిషిని. పర్ఫెక్ట్ అన్నాను.

అదే అబద్ధం. రెండోసారి. మొదటిసారి భయమన్నా ఉంది, పరువన్నా ఉంది. ఈసారి అవీ లేవు. అలవాటైపోయింది, అంతే. తిరిగొచ్చేటప్పుడు మోటర్‌వే మీద ఒకచోట బండి పక్కకి ఆపి చాలాసేపు ఏడ్చాను. ఏడిస్తే తేలికపడతామంటారు, నాకేం పడలేదు. ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. 

సునీతకి ఇది చేరుతుందో లేదో ఇంకా తెలియదు. పంపిస్తానని మీకు మాటివ్వను. నా మాటకి ఎంత విలువో ఇప్పటిదాకా చదివారు కదా. క్షమించమని కూడా అడగను, క్షమించాల్సినవారు మీరు కాదు. ఆ రోజు హాల్లో పన్నెండుమంది ముందు పలకాల్సిన మాటలు మూడే మూడు, పోయిన నెల లియాకి చెప్పాల్సింది ఇంకొకటి. అవి ఒక్కసారైనా నా చేత్తో రాసి, ఎవరైనా చదవాలని ఇదంతా చెప్పాను.

దేవదానం అంకుల్ సరిగ్గానే విన్నారు. నేను అబద్ధం చెప్పాను. ఆంటీ తొందరపడలేదు. లియా, అక్కడ ఊపిరి తీసుకోమ్మా.